కాక కంటే ముందే పండుకున్న కెమెరా

సదాశివనగర్‌లో మా కాక మక్క చేన్ల సోలార్ కెమెరా పెట్టించింది నేనే. అడవి పందుల కోసం. సిమ్ వేసి, రాత్రంతా లైవ్ ఆన్‌లో ఉంచా. అర్ధరాత్రికే బ్యాటరీ ఖతం. పందులు ఆ తర్వాతే వచ్చాయి. తెల్లారి చూస్తే నాలుగు సాళ్లు నేలమట్టం.

"గిదేం కెమెరారా, నాకంటె ముందే పండుకుంది!" అన్నడు కాక.

తప్పు నాదే. చూడ్డం కంటే, చూసింది సిమ్ మీద పంపడానికే దానికి ఎక్కువ కరెంట్ కావాలి. చీకట్లో ఊగే మక్క ఆకుల్ని గంటలకొద్దీ పంపింది పాపం, చూసే దిక్కు లేకున్నా!

సెట్టింగ్ మార్చా. ఒంట్లో వేడి ఉన్నదేదైనా కదిలితేనే లేచి, ఒక్క ఫొటో పంపి మళ్లీ పడుకుంటుంది. మొదటి రాత్రే కాక ఫోన్ మోగింది. టార్చి పట్టుకుని ఉరికితే... ఊరకుక్క!

పులుల లెక్కకు అడవుల్లో పెట్టే కెమెరాలూ ఇలా కదలికకే లేస్తాయి. 2018 లెక్కింపులో 26,838 చోట్ల పెడితే దాదాపు 3.48 కోట్ల ఫొటోలొచ్చాయి. పులులున్నవి 76,651! అందుకే పందా, కుక్కా అన్నది కెమెరాలోనే తేల్చుకుని, పనికొచ్చేదే పంపే రకాలు వస్తున్నాయి. మాది అంత తెలివైంది కాదు.

నాలుగో రాత్రి మాత్రం పందులే. కాక డబ్బా కొట్టి తరిమిండు. అప్పటికి బ్యాటరీ ఇంకా సగముంది.