గేటు దగ్గర తెలిసే ధర

మసాయి మారాలో సెకెనాని గేటు దగ్గర మా వ్యాను ఆగేసరికి మధ్యాహ్నం మూడు నలభై. 2024 ఆగస్టు. హైదరాబాద్ నుంచి వెళ్లిన రెండు కుటుంబాలం, మొత్తం ఆరుగురం. పొద్దున నైరోబీలో బయల్దేరి, రిఫ్ట్ లోయ దిగి, నరోక్ మీదుగా వచ్చాం. దారిలో రెండుసార్లు టీకి ఆపారు. రెండుసార్లూ చెక్కబొమ్మల దుకాణం ముందే. గేటు దగ్గర బండి ఆగీ ఆగగానే మసాయి ఆడవాళ్లు కిటికీల చుట్టూ చేరారు. ఒకామె అడక్కుండానే మా ఆవిడ చేతికి ఎర్రపూసల కడియం తొడిగేసింది. మా గైడు మాత్రం టికెట్ కౌంటరు వైపు వెళ్లకుండా నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "మ్జే, ఒక్క మాట" అన్నాడు. స్వాహిలీలో మ్జే అంటే పెద్దాయన. ఇప్పుడు లోపలికెళ్తే మనిషికి 200 డాలర్లు కట్టాలని, ఆ టికెట్ సాయంత్రం ఆరింటితో చెల్లిపోతుందని, రేపు పొద్దున మళ్లీ 200 కట్టాలని చెప్పాడు. "మీ క్యాంపు గేటు బయటే ఉంది. ఇవాళ వెళ్లి పడుకోండి. రేపు ఆరింటికి గేటు తెరిచేసరికి ఇక్కడుందాం."

రెండు గంటల ఇరవై నిమిషాలకు ఆరుగురికి 1200 డాలర్లు. మన డబ్బులో లక్ష రూపాయలు. ట్రావెల్ ఏజెన్సీ మా చేతికిచ్చిన కాగితంలో "మొదటి రోజు: మధ్యాహ్నం గేమ్ డ్రైవ్" (బండిలో తిరుగుతూ జంతువులను చూడటం) అని బొద్దక్షరాల్లో ఉంది. "పార్కు ఫీజులు అదనం" అన్న ముక్క చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

పరదేశంలో మోసమనగానే మనకు టాక్సీవాడు, నకిలీ రాళ్లమ్మేవాడు గుర్తొస్తారు. జేబు తడుముకుంటూ, అక్కడి మనిషిని అనుమానంగా చూస్తూ తిరుగుతాం. ఆ రోజు మాకు నిజం చెప్పింది అక్కడి మనిషి. చెప్పనిది మా ఊళ్లో ఏసీ గదిలో కూర్చుని రంగుల కాగితం చేతిలో పెట్టినవాళ్లు. సఫారీలో ఎక్కువ డబ్బు పోయేది అడవిలో కాదు, అడ్వాన్సు కట్టే బల్ల దగ్గరేనని నేను ఆ గేటు ముందే నమ్మాను. తిరిగొచ్చాక తెలుసుకున్నవన్నీ ఆ నమ్మకాన్ని బలపరిచాయి.

సఫారీ ఖర్చులో పెద్ద భాగం రహస్యమేమీ కాదు. మసాయి మారా రిజర్వును నడిపేది నరోక్ కౌంటీ ప్రభుత్వం. 2024లో అది పెట్టిన రేట్ల ప్రకారం విదేశీ పర్యాటకుడికి జనవరి నుంచి జూన్ దాకా రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. టికెట్ చెల్లేది పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. ఇరవై నాలుగు గంటలు కాదు, పన్నెండు. రిజర్వు లోపల బస చేసేవాళ్లు వెళ్లిపోయే రోజు పొద్దున పదింటిలోగా గేటు దాటితే ఆ రోజుకు కొత్త టికెట్ అక్కర్లేదు. ఈ రెండు నియమాల్లోనే అసలు కిటుకంతా ఉంది. మన దగ్గర బాగా అమ్ముడుపోయే "రెండు రాత్రులు, మూడు పగళ్లు" ప్యాకేజీనే తీసుకోండి. గేటు బయట క్యాంపులో ఉంటూ కాగితంలో రాసినట్టు మూడు రోజులూ లోపలికెళ్తే మూడు టికెట్లు, సీజన్లో మనిషికి 600 డాలర్లు. అదే లోపలి క్యాంపులో దిగి మూడో రోజు పదింటికి ముందే బయటపడితే రెండు టికెట్లు, 400. బయటి క్యాంపు రాత్రికి యాభయ్యో అరవయ్యో డాలర్లు చవకని చూపించి అమ్ముతారు. ఆ చవకంతా టికెట్ దగ్గర కరిగిపోయి పైన ఇంకా పడుతుంది. ఈ లెక్క మా కాగితం తయారుచేసినవాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

అసలు 200 డాలర్లే దోపిడీ అనేవాళ్లున్నారు. కెన్యా పౌరులకు అందులో చాలా తక్కువే పడుతుందని తెలిస్తే వాళ్ల కోపం ఇంకా పెరుగుతుంది. నాకలా అనిపించదు. తాజ్‌మహల్ చూడ్డానికి మనం 50 రూపాయలు కడితే విదేశీయుడు 1100 కడతాడు. చార్మినార్ దగ్గరా రెండు రకాల రేట్లున్నాయి. ఇంటివాళ్ల పన్నులతో బతికే చోట ఇంటివాళ్లకు తగ్గించడం న్యాయమే. మారాకైతే ఇంకో కారణం కూడా ఉంది. జూలై నుంచి అక్టోబరు దాకా వైల్డ్‌బీస్ట్ వలస మందలు నది దాటే రోజుల్లో అక్కడి మట్టిదారుల మీద బండ్లు బారులు తీరుతాయి. ఆ తాకిడి తగ్గాలంటే ధర పెంచడం ఒక దారి. గోడ మీద రాసిపెట్టి, అందరి దగ్గరా ఒకేలా వసూలు చేసే ధర ఎంత ఎక్కువైనా మోసం కాదు. ముందు చెప్పని ధరే మోసం.

ఇక్కడే మనలో చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు. ఐదు కొటేషన్లు తెప్పించుకుని, అన్నిటికంటే తక్కువకు ఒప్పుకున్నవాడి దగ్గర బుక్ చేసి, బేరం గెలిచామనుకుంటారు. పార్కు ఫీజు మారదు, డీజిలు ధర మారదు, నైరోబీ నుంచి మారాకు ఐదారు గంటల దారీ మారదు. మరి ధర ఎక్కడ తగ్గింది? పిండి కొద్దీ రొట్టె అంటాం కదా, తగ్గిన పిండి ఎక్కడిదో వెతికితే ఎక్కువసార్లు అది డ్రైవరు గైడు కూలి దగ్గరే తేలుతుంది. రోజు కూలి గీసి గీసి ఇస్తే అతను లోటు పూడ్చుకోవడానికి మూడు దారులుంటాయి: టిప్పు, దుకాణం కమీషను, మసాయి ఊరి సందర్శన. మా వ్యాను రెండుసార్లు బొమ్మల దుకాణం దగ్గర ఆగింది అందుకే. అక్కడ నలభై డాలర్లు చెప్పిన చెక్క జిరాఫీని నేను బేరమాడి ఇరవై రెండుకు కొన్నాను. అలాంటిదే నైరోబీలో తొమ్మిదికి చూశాను. మధ్యలోని పదమూడు డాలర్లలో కొంత మా గైడుకు వెళ్లే ఉంటుంది. అతన్ని తప్పుపట్టాలని నాకనిపించలేదు. అతనికి ఇవ్వాల్సిన కూలిని మా ప్యాకేజీలో ముందే కోసేసి మాకు "డిస్కౌంట్" అని చూపించారు.

మసాయి ఊరి సంగతి ఇంతకంటే బాధ కలిగిస్తుంది. "గ్రామ సందర్శన, మనిషికి ఇంత" అని డ్రైవరు డబ్బు తీసుకుంటాడు. యువకులు ఎగిరే నాట్యం చేస్తారు, పుల్లలు రాపాడించి నిప్పు పుట్టిస్తారు, చివరికి పూసల సంత. పర్యాటకుడు ఇచ్చిన దాంట్లో సింహభాగం డ్రైవర్ల దగ్గరే ఆగిపోయి, ఊరికి చిల్లర మాత్రమే చేరడం మారా చుట్టుపక్కల ఏళ్లుగా నలుగుతున్న ఫిర్యాదు. వెళ్లడం మానేస్తే ఆ చిల్లర కూడా పోతుంది. వెళ్లేవాళ్లు డబ్బును ఊరి పెద్ద చేతికే ఇవ్వాలి, ఇస్తున్నట్టు అక్కడున్న ఆడవాళ్లకు కనబడాలి. పూసల కడియం కూడా సంతలో కంటే కూర్చుని గుచ్చుతున్న మనిషి దగ్గరే కొనాలి.

గైడు ఎవరో ముందే అడిగి తెలుసుకోవచ్చు. కెన్యాలో సఫారీ గైడుల సంఘం పరీక్షలు పెట్టి కంచు, వెండి, బంగారు స్థాయిల బ్యాడ్జీలు ఇస్తుంది. టూర్ కంపెనీకి అక్కడి టూరిజం రెగ్యులేటరీ అథారిటీ లైసెన్సు ఉండాలి. టూర్ ఆపరేటర్ల సంఘాలు నైరోబీలోనూ, టాంజానియాలోని అరూషాలోనూ ఉన్నాయి, వాటి సభ్యుల జాబితా ఎవరైనా చూడవచ్చు. మన ఏజెంటు ఏ స్థానిక కంపెనీకి మనల్ని అప్పగిస్తున్నాడో పేరు అడగడం మన హక్కు. పేరు చెప్పడానికి తటపటాయిస్తే ఆ బల్ల దగ్గర్నుంచి లేచి రావడమే మంచిది.

టాంజానియా లెక్క వేరు, అక్కడ చిల్లులు వేరే చోట పడతాయి. ఫీజుల మీద 18 శాతం వ్యాట్ పడుతుంది. కొటేషన్లో అది కలిపారో లేదో చూడాలి. నగోరోంగోరో బిలంలోకి బండి దిగాలంటే మనుషుల టికెట్లు కాక ఒక్కో బండికి 250 డాలర్లు, వ్యాట్‌తో 295. ఆరుగురు పంచుకుంటే మనిషికి యాభైలోపే, ఇద్దరే వెళ్తే దాదాపు 150. అందుకే కొన్ని ప్యాకేజీల్లో "నగోరోంగోరో సందర్శన" అంటే పైగట్టు మీద ఆపి, రెండు ఫొటోలు తీసుకోనిచ్చి, ముందుకు తోలుకెళ్లడమే. "బిలంలోకి దిగుతామా?" అన్న ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుంటే చాలు. సెరెంగెటీకి అటుగా వెళ్లేవాళ్లు నగోరోంగోరో ప్రాంతాన్ని కేవలం దాటిపోయినా ఫీజు కట్టాల్సిందే, తిరుగు దారిలో మళ్లీ కట్టాల్సిందే.

ఐదు రోజుల్లో కెన్యా, టాంజానియా రెండూ చూపిస్తామనే ప్రకటనలు మన పేపర్లలో వేసవి ముందు వస్తుంటాయి. మ్యాపులో మారా, సెరెంగెటీ పక్కపక్కనే కనబడతాయి, అది నిజమే. కానీ వాటి మధ్య బొలొగొంజా దారిని 1977లో మూసేశారు. పర్యాటకులకు ఈనాటికీ తెరవలేదు. లక్షలాది వైల్డ్‌బీస్ట్‌ల మంద ఆ సరిహద్దును ఏటా దాటుతుంది, మన బండి మాత్రం ఇసెబానియా మీదుగానో నమాంగా మీదుగానో చుట్టూ తిరిగి వెళ్లాలి. ఐదింటిలో ఒక రోజంతా రోడ్డు మీదా ఇమ్మిగ్రేషన్ వరసలోనే పోతుంది. ఆ రోజుకు కట్టిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

"నది దాటడం గ్యారంటీ" అని రాసేవాళ్ల గురించి కోపం లేకుండా రాయలేను. మంద ఎప్పుడు దాటుతుందో ముందుగా చెప్పగల మనిషి అక్కడ లేడు. గట్టు దాకా వచ్చి గంటలు నిలబడి వెనక్కి మళ్లిన మందలెన్నో. గ్యారంటీ అన్నాక డ్రైవరు మీద ఒత్తిడి పడుతుంది, అతను బండిని గట్టు అంచుకు తోస్తాడు, దాని వెనక ఇంకో ఇరవై తోస్తాయి, జంతువులు దిగే చోటే మూసుకుపోతుంది. 2025 జూలైలో సెరెంగెటీ వైపు పర్యాటకులు బండ్లు దిగి నది ఒడ్డున మందకు అడ్డంగా నిలబడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. మారాలో సింహం, చిరుత కనబడిన చోట ఐదు బండ్లకు మించి ఉండకూడదన్న నియమం ఉంది. రెండో రోజు ఒక చిరుతపులి చుట్టూ నేను పద్నాలుగు లెక్కపెట్టాను. మా గైడు మమ్మల్ని అడిగి వెనక్కి తిప్పాడు. మేం సరేనన్నందుకు ఈరోజుకీ సంతోషంగా ఉంది, ఆ చిరుత ఫొటో మా దగ్గర లేకపోయినా.

ఇంటి దగ్గరే జరిగే చిన్న చిన్న కోతలూ ఉన్నాయి. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ, అంటే ఆన్‌లైన్లో తీసుకునే ప్రయాణ అనుమతి, పెట్టింది. ప్రభుత్వ సైటులో దాని రుసుము 30 డాలర్లు. గూగుల్లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించేవి వస్తాయి, అవే పనికి రెండింతలు మూడింతలు గుంజుతాయి. చిరునామా చివర "డాట్ జీఓ డాట్ కేఈ" ఉందో లేదో చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టవచ్చు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో, విశాఖలో పోర్టు ఆరోగ్య కార్యాలయంలో వేస్తారు. సూది లేకుండా కార్డు మాత్రం ఇప్పిస్తామనేవాళ్ల మాట వినడం ప్రాణంతో చెలగాటం. ప్యాకేజీ మీద ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ ఖర్చు కింద పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమయ్యే పన్ను. ఫారం 26ఏఎస్‌లో అది కనబడకపోతే నిలదీయాలి.

ఇదంతా ఒక్కో ప్రయాణికుడి జాగ్రత్తకే వదిలేయడం నాకు సమ్మతం కాదు. జీవితంలో ఒక్కసారి, పదవీ విరమణ డబ్బుతోనో పిల్లలు పంపిన డబ్బుతోనో వెళ్లేవాళ్లు నరోక్ కౌంటీ టికెట్ వేళలు ఎందుకు చదవాలి? చదవాల్సింది వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు. విదేశీ టూర్ అమ్మే ప్రతి ఏజెన్సీ పార్కు టికెట్లు ఎన్ని, ఒక్కోటి ఎంత, బస గేటు లోపలా బయటా, బండిలో ఎందరు, గైడు కూలి ఎంత, తన కమీషను ఎంత అన్నది విడివిడిగా రాసివ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలు ఆదేశించాలి. దానికి కొత్త చట్టమే రావాలని కూర్చోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కీలకమైన సంగతి దాచి అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతే. ఏజెన్సీ ముంబైలో ఉన్నా ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్లోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి మొదలుపెట్టవచ్చు.

మేం ఫిర్యాదు వేయలేదు. తిరిగొచ్చిన అలసటలో ఒక ఈమెయిల్ మాత్రం రాశాం. పార్కు ఫీజు అదనమని కాగితంలో ఉంది కదా అని జవాబొచ్చింది. మొన్న ఆ ఏజెన్సీ కొత్త బ్రోషరు మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. మొదటి రోజు మధ్యాహ్నం గేమ్ డ్రైవ్ అలాగే ఉంది, బొద్దక్షరాల్లో. చివరి పేజీ అడుగు దాకా జరిపి చూశాను. అక్షరాలు అంతే ఉన్నాయి. ఈసారి ఆ ముక్కను పెద్దది చేసి, పక్కన 600 డాలర్ల లెక్క రాసి, అదే గ్రూపులో పెట్టాను.