స్త్రీల ఆరోగ్యము: గాయము లేని నొప్పి



ఉదయమున లేచుసరికే ఒడలంతయు రోకటితో దంచినట్లుండును. మెడ, భుజములు, నడుము, తొడలు, నేడొకచోట, రేపొకచోట నొప్పి. రాత్రియంతయు పడుకొన్నను అలసట తీరదు. పొయ్యిమీద పాలు పెట్టిన సంగతియే మరపునకు వచ్చును. వైద్యుడు రక్తము పరీక్షించి, ఎక్స్‌రే తీయించి, “ఏ దోషమును లేదు” అనును. ఆ మాట విని అత్తగారు “పని తప్పించుకొనుటకు ఇదియొక మిష” అందురు. భర్త “అంతయు నీ మనస్సులోనిదే” అనును. కొన్నాళ్లకు ఆమెయే తన్ను తాను శంకించుకొన మొదలిడును. అట్టి సోదరి కొరకును, ఆమె యింటివారి కొరకును ఈ మాసమున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇట్టి బాధకు తరచుగా కారణమగు వ్యాధి ఫైబ్రోమయాల్జియా. ఇది పురుషులలో కంటె స్త్రీలలో హెచ్చుగా కనబడును. 1904లో గవర్స్ అను ఆంగ్ల వైద్యుడు ఇట్టి నొప్పులకు కండరముల నంటియున్న పొరల వాపే కారణమని తలచి ‘ఫైబ్రోసైటిస్’ అను పేరు పెట్టెను. తరువాతి వారు పరీక్షించి చూడగా అట్టి వాపు కానరాలేదు. మరి నొప్పి యెక్కడనుండి వచ్చుచున్నది?

పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు అచ్చటి నరము వార్తను మాత్రమే పంపును. అది వెన్నుపాము మీదుగా మెదడును చేరిన పిమ్మటనే మనకు నొప్పి యని తెలియును. ఈ త్రోవలో వార్తను హెచ్చించు ఏర్పాటును, అణచు ఏర్పాటును గూడ కలవు. ఈ వ్యాధిలో మొదటిది చెలరేగును, రెండవది నీరసించును. నొప్పివార్తను మోయు ‘సబ్‌స్టెన్స్ పి’ అను పదార్థము ఈ రోగుల వెన్నుపాము చుట్టునుండు ద్రవమున ఇతరులలో కంటె రెండు మూడు రెట్లు హెచ్చుగా నున్నట్లు పరిశోధకులు కనుగొనిరి.

ఇంటికి కాపున్న కుక్క దొంగను చూచి మొరుగుట దాని ధర్మము. ఆకు కదలినను, చుట్టము వచ్చినను రేయింబవళ్లు మొరుగుచున్నచో ఇంటిలో నెవరికిని నిద్ర యుండదు. వెదకిన దొంగ కనబడడు, కాని మొరుగుట అబద్ధము కాదుగదా! ఎక్స్‌రే దొంగను వెదకునదే కాని మొరుగుటను వినలేదు.

2002లో అమెరికాలో కొందరు వైద్యులు రోగుల బొటనవ్రేలి గోటిపై మెల్లగా నొక్కుచు మెదడును చిత్రములు తీసిరి. ఆరోగ్యవంతులకు గట్టిగా నొక్కినగాని కలుగని నొప్పి రోగులకు కొద్దిపాటి ఒత్తిడికే కలిగెను. వారి మెదడులో నొప్పిని తెలుపు భాగములును నిజముగనే మేల్కొనెను. నొప్పి నటన కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

నిద్రకును దీనికిని దగ్గరి సంబంధము కలదు. 1975లో కెనడా దేశపు టొరంటో నగరమున మోల్డోఫ్‌స్కీ అను వైద్యుడు ఆరోగ్యవంతులగు యువజనులకు గాఢనిద్ర పట్టిన ప్రతిసారి శబ్దముచే భంగము కలిగించెను. కొద్ది రాత్రులకే వారికి ఒడలినొప్పులును బడలికయు పుట్టెను. అందరికంటె కడపట పడుకొని అందరికంటె ముందు లేచు గృహిణులు ఈ సంగతిని మరువరాదు.

థైరాయిడ్ లోపము, కీళ్లవాతము మున్నగునవియు ఇట్టి బాధ కలిగింపవచ్చును గనుక మొదట వైద్యపరీక్ష తప్పనిసరి. ఫైబ్రోమయాల్జియా యని తేలిన పిమ్మట, సాధారణమగు నొప్పిమాత్రలు దినదినము మ్రింగుటవలన ఫలము స్వల్పము. ఉద్రేకించిన నరములను శాంతింపజేయు మందులు కొందరికి మేలుచేయును. వాని నిచ్చు నిర్ణయము వైద్యునిదే. అన్నిటికంటె నమ్మదగినది వ్యాయామమని 2016లో యూరపు ఖండపు కీళ్లవైద్య నిపుణులు తీర్మానించిరి. అట్లని మొదటిదినముననే క్రోసెడు దూరము నడువవలదు. అయిదు నిమిషములతో మొదలిడి, ఒడలు తాళిన కొలది పెంచుకొనుడు. బాగున్ననాడు పేరుకొన్న పనులన్నియు ఒక్కసారిగా ముగింపజూచి, మరి మూడుదినములు మంచము పట్టు అలవాటును మానుడు. పనిని పంచుకొనుట సిగ్గుపడదగిన విషయము కాదు.

ఇంటివారితో ఒక మాట. ఈ వ్యాధి ప్రాణము తీయదు, కీళ్లను వంకర చేయదు, ఒక్కనాటిలో పోవునదియు కాదు. కనుక ఆమె “నొప్పిగానున్నది” అన్నప్పుడు “ఎక్కడ? ఏల?” అని విచారణ సాగింపక, చేతిలోని బిందెను అందుకొనుడు. ఆమె మాటను నమ్ముట మొదటి చికిత్స.