గాజుతొట్టిలోని కడలిగుఱ్ఱము

గత వేసవిలో ఒక మిత్రుని గృహప్రవేశమునకు బోయి యుంటిని. సావడిలో పెద్ద గాజుతొట్టి. దానిలో నీలపు దీపము, ప్లాస్టిక్ పగడపుకొమ్మ. ఆ కొమ్మకు తోక చుట్టుకొని గుఱ్ఱపు మొగముగల రెండు చిన్నచేపలు. వచ్చినవారెల్లరు ముచ్చటపడిరి. "ఎంత శాంతముగ నున్నవో చూచితిరా!" యని గృహిణి యనెను. అది శాంతము గాదు, నీరసము. పది దినములు తిరుగకుండ రెండును చచ్చినవట. ఇంటివారు విచారించిరే గాని సిగ్గుపడలేదు. నా తగవు ఆ సిగ్గు లేకపోవుటతోనే.

ఈ ప్రాణికి జీర్ణాశయము లేదు, పండ్లును లేవు. గొట్టమువంటి మూతితో సన్నని రొయ్యజాతి పురుగులను పీల్చి మ్రింగును. మ్రింగినది నిలుచుటకు తావులేక త్వరగా సాగిపోవును గనుక పగలెల్ల మేయుచునే యుండవలెను. సముద్రమునుండి పట్టి తెచ్చినవి కదలని మేతను పలుమారు ముట్టనైన ముట్టవు. మన గృహస్థుడో, ఉదయమొక చిటికెడు, సాయంకాలమొక చిటికెడు ఎండుమేత చల్లి కచేరికి బోవును! వీపుమీది చిన్నరెక్కను సెకండునకు 35 మారుల వరకు ఆడించినను ఇది మిక్కిలి మందగామి. వీనిలో ఒక పొట్టిరకము గంటకు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే పోవునని చెప్పుదురు. తొట్టిలో చురుకైన చేప యొక్కటి యున్నను మేతయంతయు దానిపాలగును. ఇక నీటిమాట. కొళాయినీటిలో వంటయుప్పు కలిపినంత మాత్రమున సముద్రము గాదు. మలమునుండి పుట్టు అమోనియా విషమును హరించు సూక్ష్మజీవులు క్రొత్తతొట్టిలో కుదురుకొనుటకు వారములు పట్టును. అంగడివాడీ మాట చెప్పడు. చెప్పిన బేరము పోవును గదా.

ఈ జాతిలో గర్భభారము మగదానిది. ఆడుది గ్రుడ్లను మగదాని పొట్టమీది సంచిలో నుంచగా, అది వానిని మోసి పిల్లలను కనును. బిడ్డల బరువు స్త్రీలదే యని వాదించు మన పెద్దలు దీనిని చూచి నేర్వదగిన దున్నది. అందులకు దానిని చంపనక్కఱలేదు.

మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి మొదలగు తావుల నివసించు ఈ జీవులను భారత ప్రభుత్వము 2001లో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున పులితోను ఏనుగుతోను జేర్చినది. వీని అంతర్జాతీయ వ్యాపారమునకు సైటిస్ ఒడంబడిక 2002లో కట్టడి విధింప, అది 2004లో అమలులోనికి వచ్చెను. మొదటి షెడ్యూలు జీవుల విషయమున నేరమునకు మూడునుండి ఏడేండ్ల కారాగారము. పులిపిల్లను పెరటిలో కట్టివేయుటకు జంకు పెద్దమనుష్యుడు దీనిని సావడిలో దీపము పెట్టి చూపుచున్నాడు!

ఈడ్పువలలలో బడి, ఎండబెట్టబడి, చైనా వైద్యమునకై పోవునవే యెక్కువ, మా రెండింటివలన నేమి యనువారు కలరు. ఎక్కువ యన్నమాట నిజమే. ఊరిలో బందిపోటులున్నారని జేబుదొంగను విడిచిపెట్టు న్యాయమెచ్చటిది? విదేశములలో తొట్లలోనే పుట్టించి, చచ్చిన మేతకు అలవాటుచేసి అమ్ముదురని మఱికొందఱందురు. ఈ వాదమున సత్యమున్నది. అట్టివి మేలుగా బ్రతుకునని యొప్పుకొందును. కాని మా మిత్రుని జోడు ఎచ్చట పుట్టినది? అడిగితిని. "అది అంగడివాని కెఱుక" యనెను. వెల అడిగినవాడు పుట్టుక అడుగలేదు.

పిల్లలకు ప్రకృతిజ్ఞానము కలుగునను మాట మాత్రము నాకు సహింపరానిది. ఆ యింటి బాలుడు నేర్చినదేమనగా, చచ్చినదానిని పారవైచి మఱియొకటి కొనవచ్చుననియే. ఆ తండ్రి యప్పుడే మఱియొక జోడునకు కబురంపినాడట. ఈ సంచిక అతనికిని పంపుచున్నాను.