మట్టి దారి మ్యాపులో ఉందా?

వీకెండ్ సైక్లింగ్ అనగానే హైదరాబాద్‌లో ముందు గుర్తొచ్చేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సోలార్ ట్రాక్. 2023 అక్టోబరులో ప్రారంభమైన ఈ 23 కిలోమీటర్ల దారి నిజంగా మంచి పని. పైన సోలార్ కప్పు, కింద నున్నటి రోడ్డు, కార్ల భయం లేదు. కానీ మీ దగ్గర మౌంటెన్ బైక్ ఉంటే అక్కడ అరగంటకే బోర్ కొడుతుంది. ఆ లావు టైర్లు, సస్పెన్షన్ ఉన్నవి మొరం, రాళ్లు, గతుకుల కోసం. అవి కావాలంటే నార్సింగి నుంచి గండిపేట, చిలుకూరు వైపు తిరగాల్సిందే.

ఈ బాటలు ఎలా మిగిలాయి?

ఐటీ టవర్లకు ఇంత దగ్గర్లో మట్టి దారులు ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? వాటిని మిగిల్చింది మన సైకిళ్లు కాదు, తాగునీరు. 1908 మూసీ వరదల తర్వాత నిజాం కాలంలో ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిని కాపాడటానికి 1996లో జీవో 111 వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో పరిశ్రమలకు, పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట పడింది. అలా మిగిలిన పొలాల గట్లు, బండ్ల బాటలే ఇప్పుడు మనకు ట్రెయిల్స్.

2022 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 69 ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామంది, నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతుతో. 2023 మేలో అప్పటి కేబినెట్ జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమికి ధర రాలేదన్న రైతుల బాధలో న్యాయం ఉంది. జలాశయాలు పాడవుతాయన్న భయంలోనూ ఉంది. ఈ రెండు వాదనల మధ్య ఆ బాటల ఊసెత్తేవాళ్లే లేరు.

తొక్కాక తినేది అక్కడే

దారి ఉంటే దాన్ని నమ్ముకుని కొందరు బతుకుతారు. చిలుకూరు బాలాజీ గుడి చుట్టుపక్కల కాసేపు ఆగండి. వీసా కోసం ప్రదక్షిణలు చేసేవాళ్లూ, చెమటతో తడిసిన సైక్లిస్టులూ ఒకే బండి దగ్గర నిలబడతారు. వేడి ఇడ్లీ, కొబ్బరి చట్నీ, తర్వాత ఒక కొబ్బరిబోండం చాలు. మిర్చి బజ్జీ ఊరిస్తుంది గానీ, మళ్లీ తొక్కుకుంటూ వెనక్కి రావాలంటే దాని జోలికి పోకండి. ఊరి బండి దగ్గర మీరిచ్చే 100 రూపాయలు ఊళ్లోనే ఉంటాయి. అందుకే తిండికి సిటీ దాకా ఆగొద్దు.

మీ ఫోన్‌తో ఏం చేయొచ్చు?

ప్లాన్ కాగితం మీద కనిపించని దారి ‘ఖాళీ స్థలం’ అయిపోతుంది. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం చూశాం కదా. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమనేదాకా అక్కడ ఏముందో చాలామందికి తెలియదు.

ఇక్కడే మన పని మొదలవుతుంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా దారులు గీయొచ్చు. రైడ్‌లో జీపీఎస్ ట్రాక్ రికార్డు చేయండి. ఇంటికొచ్చాక బాటను గీసి, మట్టిదా, రాళ్లదా రాయండి. మౌంటెన్ బైక్‌కి ఎంత కష్టమో 0 నుంచి 6 వరకు గ్రేడ్ ఇచ్చే పద్ధతి కూడా అందులో ఉంది. మ్యాపులో గీసినంత మాత్రాన దారికి చట్టపరమైన హక్కు రాదు. కానీ రేపు లేఅవుట్ మీద అభ్యంతరం చెప్పాలంటే చేతిలో చూపించడానికి ఒకటుంటుంది.

ఇది మీ రెజ్యుమెకూ పనికొస్తుంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపింగ్ నిబంధనలు సడలించాక ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలకు దారి తేలికైంది. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ నేర్చుకుని, మీరు గీసిన బాటలతో చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి. కాలేజీ మినీ ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూలో దీని గురించే ఎక్కువ మాట్లాడగలరు.

ఒక్క జాగ్రత్త. మృగవని లాంటి అటవీ ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లొద్దు, పొలాల్లో పైరు తొక్కొద్దు. ఎవరి చేనైనా దాటాలంటే ముందు అడగండి. ఆ బాట ఎక్కడికి పోతుందో మ్యాపు కన్నా ఆ రైతే బాగా చెబుతాడు.