శుద్ధిశాసనమును క్రొత్త మిశ్రమమును

ఒక బీరును రుచిచూచి దానిపై ఈ స్తంభములలో వ్రాయుట మా పాఠకులలో గొందఱికి వింతగా దోచవచ్చును. మద్యమును ప్రశంసించుట మా యుద్దేశము కాదు. సంప్రదాయము పేరిట నిలుచు హద్దులలో గుణమును రక్షించునవి కొన్ని, అధికారమును రక్షించునవి కొన్ని. వీనిని వేఱుచేసి చూచుట అన్ని దేశములకును అవసరమైన పని. జర్మనీలోని బవేరియా రాష్ట్రమున ఈ ప్రశ్న ఐదువందల యేండ్లుగా బీరు చుట్టును తిరుగుచున్నది. అచ్చటి శుద్ధిశాసనమును సడలింపవలెనా, కూడదా యను వాదము నేటికిని తెగలేదు. జర్మనులు త్రాగు బీరు కొన్ని దశాబ్దములుగా తగ్గుచు వచ్చుటచే ఆ వాదమునకు వ్యాపారపు తొందరయు తోడైనది. ఈ విషయమున 2007వ సంవత్సరమున పుట్టిన యొక బీరు చెప్పు సాక్ష్యము విలువైనది.

కెల్‌హైము డాన్యూబు, ఆల్ట్‌మ్యూల్ నదుల సంగమమున నున్న చిన్న పట్టణము. అచ్చటి ష్నైడర్ వారి బీరుశాలలో ప్రధాననిర్మాతయగు హాన్స్ పీటర్ డ్రెక్స్‌లరును, న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ బీరుశాలలో అట్టి పదవియందే యున్న గారెట్ ఆలివరును ఒకరి శాలకు మఱొకరు పోయి, ఇంచుమించు ఒకే పాళ్ళతో రెండు బీరులను చేసిరి. బవేరియా వారి చిక్కని గోధుమ బీరు ఇందు ఒక పాయ. ఇంగ్లండున పుట్టి అమెరికాలో క్రొత్త రూపు దాల్చిన 'ఇండియా పేల్ ఏల్' అను చేదు బీరు రెండవ పాయ. తుదిని పరిమళము కొఱకు వేయు హాపులు మాత్రము ఎక్కడివక్కడివే: కెల్‌హైములో పొరుగుననున్న హాలర్‌టౌ సీమ సఫీరు రకము, బ్రూక్లినులో అమెరికా రకములు. హాపుల గోధుమ బీరను అర్థమున దీనికి హోప్ఫెన్‌వైసె యని పేరిడిరి. కెల్‌హైము బీరులో మద్యసారము నూటికి 8.2 పాళ్ళు. తరువాత ఆ శాలవారు దీనిని తమ స్థిరమైన సరకులలో జేర్చుకొనిరి.

మేము రుచిచూచినది కెల్‌హైము సీసా. గ్లాసులో పోసినప్పుడు అది మొదట తన జర్మను పుట్టుకనే చాటినది. రంగు ముదురు బంగారము, రూపు మసక, పైని దట్టమైన తెల్లని నురుగు చాలసేపు నిలిచినది. ముక్కు దగ్గఱకు తెచ్చినతోడనే మిగులమాగిన అరటిపండును లవంగమును స్ఫురించినవి. వాటి వెనుకనుండి నారింజ వాసనయు, పంపరపనస తొక్కు నలిపినప్పటి వాసనయు వచ్చినవి. మొదటి గుక్క తీయగా, నాలుకపై బరువుగా నుండెను. ఆ తీపి తగ్గుచుండగా చేదు మెల్లగా లేచి, మ్రింగిన పిమ్మటను కొంత తడవు నిలిచెను. రెండు సంప్రదాయములును ఒకదానిలో నొకటి కరగిపోలేదు. ఉగాదిపచ్చడిలో వేపపూత చేదును బెల్లపు తీపియు దేనికది తెలియునట్లే ఇందును తెలిసినవి. లోపము లేకపోలేదు. గ్లాసు వెచ్చబడిన కొలది పండ్ల వాసన తగ్గినది; చివరి గుక్కలలో లవంగపు ఘాటును హాపుల చేదును కలిసి నాలుకను కొంచెము గీరినవి.

ఈ పొందిక దానంతట కుదిరినది కాదు. అరటి, లవంగముల పరిమళము ఎవ్వరును వేసినది కాదు. గోధుమ బీరునకు వాడు ఈస్టు పులియుచు తానే పుట్టించునది. హాపు అనునది ఒక తీగె పూవు. దానిని మరగుచున్న ధాన్యరసమున వేసి కాచినచో చేదు దిగును, పరిమళము ఆవిరితో పోవును. పులియుట ముగిసిన పిమ్మట చల్లని తొట్టిలో నానవేసినచో పరిమళము దిగును, చేదు అంతగా దిగదు. పోపులో వేసిన కరివేపాకునకును, దించిన పిమ్మట చల్లిన కొత్తిమీరకును గల భేదము మన యిండ్లలో నెఱుగనివారు లేరు, ఇదియు నట్టిదే. ఇంతయు జేసి ఇందు పడినవేవి? నీరు, మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమలు, యవలు, హాపులు, ఈస్టు. నేటి శుద్ధిశాసనములో నొక్క మాటయు మీఱలేదు.

ఇక ఆ శాసనము కథ వినదగినది. 1516వ సంవత్సరము ఏప్రిలు 23వ తేదీని ఇంగోల్‌స్టాట్ పట్టణమున బవేరియా ప్రభువులగు నాల్గవ విల్‌హెల్మును, పదియవ లుడ్విగును బీరు ధరలను నిర్ణయించుచు, యవలు, హాపులు, నీరు తప్ప మఱేమియు వాడరాదని శాసించిరి. ఈస్టు మాట అందు లేదు. గోధుమకు చోటు లేదు. రొట్టెల ధాన్యము బీరుపాలు కాకుండుటకే యని పెక్కుమంది చరిత్రకారులు చెప్పుదురు. కాని ఆ విల్‌హెల్మే 1548లో డేగెన్‌బెర్గు వంశమువారికి గోధుమ బీరు కాచు ప్రత్యేకాధికారము నొసగెను. 1602లో ఆ వంశ మంతరింపగా అధికారము ప్రభువైన మాక్సిమిలియనునకు చేరినది. ఆయన దానిని రద్దుచేయలేదు. తానే గోధుమ బీరుశాలలను గట్టించి, గుత్తగా నడపి, బొక్కసము నింపుకొనెను. 1607లో స్థాపితమైన కెల్‌హైము శాల వానిలో నొకటి. ప్రజలకు నిషిద్ధమైన ధాన్యము ప్రభువునకు రాబడియైనది!

పందొమ్మిదవ శతాబ్దమున జనుల రుచి మాఱి గోధుమ బీరు క్షీణించినది. 1872లో గెయోర్గ్ ష్నైడరు ఆ బీరు కాచు హక్కును రాజునుండి పొంది మ్యూనికులో స్వంతశాల నెలకొల్పెను. 1928లో ఆ కుటుంబమువారే కెల్‌హైము శాలను కొనిరి. బవేరియా నేడు గర్వముతో చూపు గోధుమ బీరు శాసనమువలన బ్రతుకలేదు. శాసనమునకు గలిగిన మినహాయింపువలనను, ఒక వర్తకుని పట్టుదలవలనను బ్రతికినది. 'శుద్ధిశాసనము' అను పేరు సయితము ఇరువదవ శతాబ్దపు మాటయే.

రెండవ పాయలో మన దేశము పేరు కలదు. పదునెనిమిదవ శతాబ్దము చివర లండనులోని హాడ్జ్‌సన్ అను బీరువర్తకుడు కంపెనీ ఓడల నాయకులకు అప్పుమీద సరకిచ్చి, ఇచ్చటి తెల్లవారికి పంపుచుండెను. ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, భూమధ్యరేఖను రెండుమాఱులు దాటి, నెలల తరబడి సాగు ప్రయాణమున బీరు చెడకుండుటకు హాపులను హెచ్చుగా వేయుచుండిరి. 1820 తరువాత బర్టను పట్టణమువారు పోటీకి దిగిరి. 1830 ప్రాంతమున 'ఇండియా' పేరు దానికి అంటుకొనెను. మన రైతు పండించిన గింజ అందు లేదు, మన పనివాని చేయి లేదు. పేరు మాత్రము మనది. కాలక్రమమున ఇంగ్లండున అది పలుచబడినది. ఇంటిలో బీరు కాచుకొనుటకు 1978లో అమెరికా ప్రభుత్వము అనుమతించిన పిమ్మట, చిన్నశాలలవారి చేతులలో మరల బలము పుంజుకొన్నది. ఒకటి ప్రభువుల గుత్తనుండి, మఱొకటి వర్తకుల ఓడనుండి వచ్చినవి. వీనిలో నేది 'కల్తీలేని' సంప్రదాయము?

శాసనపక్షమువారు ఈ బీరునే చూపి, హద్దులలోనే ఇంత క్రొత్తదనము సాధ్యమైనప్పుడు సడలింపేల యని అడుగవచ్చును. అందు సత్యాంశము కలదు. వస్తువులు కొన్నియైనచోటనే పనివాని నేర్పు బయటపడును. కాని గోధుమకు మినహాయింపు లేకున్నచో ఈ బీరే లేదుగదా! 1987 మార్చి 12వ తేదీని యూరపు సమాజ న్యాయస్థానము, పరదేశపు బీరులను తడయుటకు జర్మనీ ఈ శాసనమును వాడరాదనియు, కొనువాని హితమునకు సీసాపై వివరములుండిన చాలుననియు తీర్పు చెప్పెను. అందువలన బెల్జియమువాడు ధనియాలును నారింజ తొక్కును వేసి కాచిన బీరు బవేరియా అంగడిలో అమ్ముడగును. బవేరియావాడు తన యూర దానినే కాచి బీరని అమ్మజాలడు. ఇతర జర్మను రాష్ట్రములలో ప్రత్యేకానుమతికి తావున్నను బవేరియా పట్టు సడలలేదు. ఇది పొరుగువానికి తలుపు తెఱచి ఇంటివానికి గొళ్ళెము పెట్టుటయే. శాసనమును పాటించువారు ఆ మాటను సీసాపై సగర్వముగా వ్రాసికొందురు గాక. పాటింపనివారు ఏమేమి వేసిరో దాచక వ్రాసి అమ్ముకొందురు గాక. కొనువాడు తెలిసి కొనుటయే శుద్ధి యని మా యభిప్రాయము.

చీటీపై పదార్థముల పేర్లతో పాటు బలమును కూడ పెద్ద యక్షరములతో వ్రాయవలెను. అరలీటరు సీసాలో 8.2 పాళ్ళనగా 41 మిల్లీలీటర్ల మద్యసారము. మన యంగళ్ళలోని విస్కీ మూడు చిన్న పెగ్గులకు మించినది. తీపియు పండ్ల వాసనయు ఆ బలమును కప్పిపుచ్చును. హైదరాబాదులో అక్కడికక్కడ బీరు కాచి పోయు శాలలు వెలసిన ఈ దినములలో ప్రయోగప్రియులు ఈ లెక్కను మఱవరాదు.

ప్రభువుల బొక్కసము మాటయు మనకు పరాయిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో వచ్చిన మద్యనిషేధము 1997లో సడలినది. 2019లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము మద్యపు దుకాణములను తానే నడుపబూని, 2024లో ప్రైవేటువారికి విడిచినది. పద్ధతి మాఱినపుడెల్ల ప్రజాహితమను మాటయే వినబడినది. మాక్సిమిలియను శాలలో కాచిన బీరును నాలుగువందల యేండ్ల పిమ్మట రుచిచూచు మనము, అట్టి మాట వినబడినపుడు, హితమెంత రాబడియెంత యని లెక్క యడుగుట నేర్చుకొనవలసియున్నది.