ఓడిన జట్టును విడువరాదు

కళాశాల ఫుట్‌బాలు జట్టు ఒక వత్సరమంతయు ఓడిపోయినచో, పాలకవర్గమువారు ముందుగా చూచునది ఆటస్థలమును గాదు, పద్దుపుస్తకమును. ఈ ప్రయాణపు ఖర్చులేల, బూట్లకును బంతులకును ఇంత వ్యయమేల, పిల్లలు చదువుకొనిన చాలదా యని పెద్దలు ప్రశ్నింతురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి పట్టణములలో, పోటీలకు తిరుపతి వఱకు పోవలసిన చోట్ల, ఈ ప్రశ్నకు మరింత బలము చేకూరును. జట్టును ఎత్తివేయుట సులభము. అది తప్పని మా యభిప్రాయము.

1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో భారతజట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో పరాజయము పొందెను. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టికాళ్లతోనే ఆడిరి. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీము; బడిపంతులుగా పనిచేసినవాడు. అంతటి యవమానముతో ఆతని శిక్షణ ముగియలేదు. పిమ్మట మనవారు బూట్లు తొడిగిరి. 1956లో మెల్బోర్నున నాల్గవస్థానము దక్కెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోలులతో గెలిచి ఆసియాక్రీడల స్వర్ణపతకము తెచ్చిరి. ఈ రెండు జట్లకును శిక్షకుడు రహీమే.

దీనికి విరుద్ధమైన కథయు ఆ నగరముననే నడచెను. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేతయైన హైదరాబాదు ఎఫ్.సి. 2023-24లో 22 ఆటలలో ఒక్కటి మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. జీతములు బాకీపడెను; విదేశీయ ఆటగాండ్రు విడిచిపోయిరి; క్రొత్తవారిని చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము విధించెను. మిగిలిన కుఱ్ఱవాండ్రు ఆడిరి, ఓడిరి. ఆ ఓటమి వారిదా, జీతమీయనివారిదా? 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయెను. యజమానుని సొత్తు గనుక తరలినది. కళాశాల జట్టు ఎక్కడికి తరలును?

మదనపల్లెవారికి ఈ విషయమున ఒరుల బోధ యక్కఱలేదు. 1915లో అనిబిసెంటమ్మగారు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల హోమ్‌రూలు దినములలో మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపును పోగొట్టుకొనియు తలుపులు మూయలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు జనగణమనను ఆంగ్లీకరించినది అచ్చటనే గదా! ఇక రైతుల మాట: టమాటా ధర పడిపోయిన యేట చేను బీడు పెట్టినవాడెవడు?

ఆట నేర్చుటకు చోటు వలయును. ఫుట్‌బాలు స్థలమునకు రెండెకరముల చదునునేల చాలును. ఊరి పొలిమేరలు ఇండ్ల స్థలములుగా కోయబడుచున్న ఈ కాలమున అంతమాత్రపు నేలను బాలురకై విడిచిపెట్టుట భూస్వాములకు అసాధ్యము గాదు. జూనులో కళాశాలలు తెఱచునాటికి ఒక్కొక్క పట్టణమున నలుగురు పెద్దలు కూడి, స్థలమొకటి నిర్ణయించి, ఆటనెఱిగిన ఉపాధ్యాయుని ఒకరిని సాయంకాలమున అచ్చట నిలుపవలయును. ప్రయాణపు వ్యయమును గూర్చిన చర్చ అటుపిమ్మట చేయుదురు గాక.