బీడు చూశాకే సంతకం

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని సౌర విద్యుత్ పార్కును ఇంకా విస్తరించాలని కర్ణాటక ప్రభుత్వం చూస్తోంది. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో ఇప్పటికే సుమారు 13,000 ఎకరాలు ఈ పార్కు కింద ఉన్నాయి. 2018 మార్చిలో ప్రారంభమైన పార్కు 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. వానను నమ్మి వేరుశనగ వేసి ఏటా నష్టపోయిన రైతుకు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు మొదలైంది. ఆ డబ్బు ఎన్ని ఇళ్ళను నిలబెట్టిందో తెలిసినవాళ్ళెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు. సౌర విద్యుత్తు కావాలి. అయితే కంచె పడకముందు ఆ నేల మీద ఏమేమి బతుకుతున్నాయో ఊరివాళ్ళతో కూర్చుని మాట్లాడాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద సౌర ఫలకాల ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి అక్కరలేదు. అందువల్ల ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు.

ఈ లోటును పూడ్చే పని తాలూకాలోనే మొదలుకావాలి. ప్రతి పంచాయతీలో నెలకొకసారి ప్రకృతి ప్రసంగం, దాని వెంట బీళ్ళలోకి, గుట్టల్లోకి, చెరువు కట్టల మీదికి అందరూ కలిసి వెళ్ళే నడక జరగాలి. ఇది వేడుక కోసం అడుగుతున్నది కాదు. నేలను కౌలుకిచ్చే రైతుకు, ఆ నేల మీద గొర్రెలు మేపుకునే కాపరికి, ఏ నేలా లేని కూలీకి ఏం పోతుందో, ఏం వస్తుందో ముందే తెలియాలన్నది మా వాదన.

పావగడను చూసి ఎండిన తాలూకా అని తీర్మానించేవాళ్ళు రోడ్డు మీది నుంచే చూస్తారు. నిడుగల్లు కొండల బండల సందుల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి. ముళ్ళపొదల బీళ్ళలో తోడేళ్ళు, నక్కలు, కుందేళ్ళు, కౌజుపిట్టలు బతుకుతాయి. పక్క మధుగిరి తాలూకా మైదనహళ్ళిలో జయమంగళి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది. నాగలమడక మీదుగా పారే ఉత్తర పినాకిని ఇక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్‌లోకి పెన్నగా వెళుతుంది. సరిహద్దు రాయి మనుషులకే గానీ తోడేలుకు, నదికి లేదు. దక్కన్ గడ్డిబీళ్ళలో ఒకప్పుడు తిరిగిన బట్టమేక పిట్ట ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. రాజస్థాన్‌లో మిగిలిన ఆ పిట్టలు సౌర, పవన విద్యుత్తును మోసే తీగలకు తగిలి చస్తుంటే ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పిట్ట పోయే దశలో కోర్టుకెక్కడం కంటే నేల ఇచ్చే దశలో మాట్లాడుకోవడం తేలిక.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? జూన్ 5న పర్యావరణ దినం, అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవం. వేదిక, దండలు, బడిపిల్లలకు చిత్రలేఖన పోటీ. పిల్లలు ఏనుగునూ పులినీ గీస్తారు. ఊరి వెనక తిరిగే తోడేలును ఎవరూ గీయరు. ఆపైన గడ్డినేలలో గుంతలు తీసి మొక్కలు నాటుతారు. గడ్డిబీడును అడవిగా మార్చడం దాన్ని చంపడమేనని ఆ వేదిక మీద చెప్పేవాళ్ళు ఉండాలి.

చెప్పాల్సినవాళ్ళు బెంగళూరు నుంచే రానక్కరలేదు. నూరేళ్ళకు దగ్గరగా కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు దానికోసం వెతుకుతుంటే, రాత్రిపూట దాన్ని పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానికుడు. మన జిల్లాలోనే శిరా తాలూకా కగ్గలడులో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగలను ఊరివాళ్ళే కాపాడుకున్నారు. 1999లో తుమకూరు వైల్డ్‌లైఫ్ అవేర్ నేచర్ క్లబ్ ఆ సంగతిని బయటి లోకానికి చెప్పింది. సరిహద్దుకు అవతల, హిందూపురం దగ్గరి వీరాపురం కథా ఇదే. అక్కడ కొంగలు బెదురుతాయని దీపావళికి టపాకాయలు కాల్చరు. కాబట్టి పావగడ నడకలకు గొర్రెలకాపరులు ముందు నడవాలి. వాళ్ళకు రోజుకూలి కట్టివ్వాలి, మాట్లాడేటప్పుడు మైకు వాళ్ళ చేతికే ఇవ్వాలి.

భాష సంగతి కూడా తేల్చాలి. పావగడలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం. అవ్వకు తెలిసిన గడ్డిపేర్లు, పిట్టపేర్లు మనవడి పాఠ్యపుస్తకంలోకి రావు. ప్రసంగాలు రెండు భాషల్లోనూ జరగాలి. 1962లో మొదలైన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు సైన్సును ఊరూరా మలయాళంలో చెబుతూ వచ్చింది. సైలెంట్ వ్యాలీ అడవిలో ఆనకట్ట వద్దని ఆ రాష్ట్రంలో అంత బలమైన చర్చ పుట్టడానికి ఆ అలవాటే పునాది. ఆ అడవి 1984లో జాతీయ పార్కు అయింది. హైదరాబాదులోనూ 1980లో మొదలైన పక్షి వీక్షకుల సంఘం నెలనెలా నడకలు, సమావేశాలు జరుపుతూ వచ్చింది. పట్నం చేయగలిగిన పని తాలూకా కేంద్రానికి ఎందుకు చేతకాదు?

ఒక్క జాగ్రత్త తప్పదు. నడక జాతర కాకూడదు. తోడేలు పిల్లలున్న బొరియ దగ్గరికి, గుడ్ల మీద కూర్చున్న పిట్ట దగ్గరికి గుంపును తీసుకెళ్ళకూడదు. ఆ చోట్ల ఫోటోలు ఫోన్లలో పంచుకోకూడదు. చిన్న జట్లు, నెమ్మది నడక, తెలిసిన మనిషి తోడు చాలు.

డబ్బు లేదన్న మాట చెల్లదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఈ నడకలు ఆ కమిటీ పనే. కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాల్సిన పెద్ద కంపెనీలు ఇదే పార్కులో కరెంటు అమ్ముకుంటున్నాయి. ఆ నిధుల్లో కొంత ఇక్కడి నేలకు రావాలి. విస్తరణకు భూములు అడిగే ప్రతి గ్రామంలోనూ, కౌలు పత్రాలు బల్ల మీదికి రాకముందే, కనీసం వానకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి ఊరంతా ఆ భూముల్లో నడిచి చూడాలి. కనబడినదంతా రిజిస్టరులోకి ఎక్కాలి. జిల్లా యంత్రాంగం దీన్ని షరతుగా పెట్టాలి.

పావగడ పాఠకులకు ఒక విన్నపం. వచ్చే గ్రామసభకు తప్పక వెళ్ళండి. మీ పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టరు తెచ్చి, మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడగండి. మొదటి నడక తేదీ ఆ సభలోనే రాయించండి.